పాత బండిలో లొడలొడ చప్పుడు: తరచుగా అడిగే ప్రశ్నలు

పదేళ్ళు దాటిన కార్లు, జీపులు, చిన్న ట్రక్కులు నడిపేవాళ్ళ కోసం ఈ పేజీ. మారుతి 800, ఆల్టో, ఇండికా, సుమో, బొలెరో, టాటా ఏస్ లాంటి బండ్లను దృష్టిలో పెట్టుకుని రాశాం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల రోడ్లు, ఎండ, ఉప్పుగాలి బండిని ఏం చేస్తాయో అక్కడక్కడా చెప్పాం.

చప్పుడు యాడ నుంచి వస్తా ఉందో అర్థం కావడం లేదు. మొదట ఏం చూడాలి?

మొదట బండి ఖాళీ చేయండి. డిక్కీలో జాకీ, వీల్ స్పానర్, స్టెప్నీ, నీళ్ళ సీసాలు, డ్యాష్‌బోర్డు అరలో చిల్లర, సీటు కింద దొర్లే టార్చిలైటు, అన్నీ దించేయండి. స్టెప్నీని బిగించే రెక్కల బోల్టు వదులైతే వెనక సస్పెన్షన్ పోయినట్టే వినిపిస్తుంది. దీనికే షాకర్లు మార్పించుకున్నవాళ్ళు ఉన్నారు.

తర్వాత నాలుగు చక్రాల నట్లు బిగించి చూడండి. వదులు నట్టు చప్పుడు మొదట్లో చిన్నదే. చక్రం ఊడితే మాత్రం మళ్ళీ వినే అవకాశం ఉండదు.

అప్పటికీ ఉంటే, చప్పుడు ఏ చోట నుంచి అన్నది పక్కనపెట్టి ఎప్పుడు వస్తోందో రాసుకోండి. రేకు బాడీలో శబ్దం పాకుతుంది కాబట్టి చోటు విషయంలో చెవి మోసపోతుంది. ముందు కుడి చక్రం దగ్గర పుట్టింది డ్రైవరు పెడల్స్ కింద వినిపిస్తుంది. సమయం విషయంలో ఆ మోసం ఉండదు.

- బండి నిలబెట్టి ఇంజన్ నడుస్తుంటే వస్తోందా? అయితే ఇంజన్, సైలెన్సర్, బెల్టు, క్లచ్ వైపు చూడాలి.
- నున్నటి రోడ్డు మీద కూడా వేగంతోపాటు పెరుగుతోందా? చక్రం, బ్రేకు, యాక్సిల్, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేరుబాక్సు నుంచి వెనక యాక్సిల్‌కు పోయే తిరిగే కడ్డీ).
- గుంటలో పడితేనే వస్తోందా? సస్పెన్షన్, సైలెన్సర్ రబ్బర్లు, డోర్లు, బాడీ.
- బ్రేకు వేస్తేనో, స్టీరింగ్ తిప్పితేనో, క్లచ్ తొక్కితేనో మారుతోందా? ఆ తొక్కినదీ తిప్పినదే దారి చూపిస్తుంది.

ఏ రోడ్డు మీద పరీక్ష చేయాలి?

రెండు రకాలూ కావాలి. హైవే మీద నున్నటి చోట ఒకసారి, ఊళ్ళో స్పీడ్ బ్రేకర్ల మీద 15, 20 కిలోమీటర్ల వేగంతో ఒకసారి. స్పీడ్ బ్రేకర్ పక్కన ఖాళీ ఉంటే ఎడమ చక్రాలు మాత్రమే ఎక్కేట్టు పోనీయండి, తర్వాత కుడివి. ఏ వైపో తేలిపోతుంది. కాంపౌండ్ గోడ పక్కన, అద్దాలు దించి, నెమ్మదిగా పోతే చక్రాల చప్పుడు గోడకు కొట్టుకుని చెవికి తిరిగొస్తుంది. వినే పని పక్క సీట్లోవాళ్ళది. నడిపేవాళ్ళు రోడ్డు చూసుకోవాలి.

వినడానికి ఏమైనా పరికరం కావాలా?

మీటరు పొడవు రబ్బరు పైపు చాలు. ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసను ఇంజన్ చుట్టూ తిప్పుతూ పోండి. చప్పుడు పుట్టే చోట పైపులో ఒక్కసారిగా గట్టిగా వినిపిస్తుంది. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఆల్టర్నేటర్ బాడీ మీదో, ఇంజన్ పైన వాల్వుల మీద ఉండే టాపెట్ కవర్ మీదో ఆనించి, పిడిని చెవి ముందు ఎముకకు ఆనిస్తే లోపలి బేరింగ్ గరగర కూడా తెలుస్తుంది. బెల్టుకూ ఫ్యానుకూ దూరంగా ఉండండి. తువ్వాలు, చున్నీ, వదులు చొక్కా పనికిరావు.

నడుస్తున్న బండిలో అయితే ఫోనులో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, డిక్కీలో టేపుతో అంటించి ఒక రౌండు వేయండి. తర్వాత వెనక సీటు కింద పెట్టి, అదే రోడ్డు మీద అదే వేగంతో ఇంకో రౌండు. రెండూ పక్కపక్కన వింటే తేడా తెలుస్తుంది. వీటితోపాటు ఒక రబ్బరు సుత్తి, టార్చి, మాస్కింగ్ టేపు దగ్గర ఉంచుకోండి.

బండి నిలబెట్టి ఉంటే రేకు కొట్టుకున్నట్టు గలగలమంటా ఉంది. కొంచెం రేస్ చేస్తే ఆగిపోతా ఉంది. ఏంది ఇది?

పాత బండ్లలో తరచుగా దొరికే దొంగ ఇదే: సైలెన్సర్ పైపు మీద ఉండే హీట్ షీల్డ్. పల్చటి రేకు, రెండు మూడు చిన్న బోల్టులతో ఉంటుంది. బోల్టు చుట్టూ రేకు తుప్పు పట్టి రంధ్రం పెద్దదవుతుంది. బోల్టు ఉన్నట్టే కనిపిస్తుంది, పట్టు మాత్రం ఉండదు. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఒక వేగం దగ్గర ఆ రేకు కంపన వేగంతో కలుస్తుంది, అప్పుడే మోగుతుంది. రేస్ ఇస్తే ఆ కలయిక తప్పి ఆగిపోతుంది. ఏసీ వేస్తే మొదలవడం, తీస్తే ఆగడం కూడా దీని లక్షణమే, ఐడ్లింగ్ మారుతుంది కాబట్టి.

పరీక్ష: బండి ఆపి కనీసం రెండు గంటలు చల్లారనివ్వండి. చేతికి గ్లౌజు వేసుకుని, మానిఫోల్డ్ దగ్గర నుంచి టెయిల్ పైపు దాకా పిడికిలితో తట్టుకుంటూ పోండి. గల్లుమన్న చోట ఆగండి.

మరమ్మతు: స్టెయిన్‌లెస్ స్టీల్ హోస్ క్లిప్పును రేకు మీదుగా పైపు చుట్టూ వేసి బిగించండి. ఒకటి చాలకపోతే రెండు క్లిప్పులు విప్పి కొసకు కొస కలిపి ఒకే పెద్ద క్లిప్పు చేసుకోవచ్చు. బైండింగ్ వైరు చుట్టకండి, ఆ వేడికి కొన్ని నెలల్లో పుచ్చి తెగుతుంది. సందులో రబ్బరు ముక్క, గుడ్డ అసలే పెట్టకూడదు.

"ఆ రేకు పీకి పారేద్దాం" అనే సలహా తరచుగా వస్తుంది. వద్దు. పైన ఫ్లోర్ కార్పెట్, పక్కన పెట్రోల్ పైపు, బ్రేకు పైపు ఉంటాయి. పైగా కోతల కాలంలో రోడ్ల మీద వరిగడ్డి ఆరబోస్తారు. దాని మీదుగా పోయిన బండి కింద గడ్డి చుట్టుకుని వేడి పైపుకు తగిలితే అంటుకుంటుంది. అలాంటి రోడ్డు దాటాక ఒకసారి ఆగి కింద చూసుకోవడం మంచిది.

హీట్ షీల్డ్ గట్టిగానే ఉంది. అయినా సైలెన్సర్ లోపల రాళ్ళు పోసినట్టు శబ్దం.

పొగను శుభ్రం చేసే డబ్బా, అంటే కాటలిటిక్ కన్వర్టర్ లోపలి పింగాణీ తేనెపట్టు పగిలి ఉండొచ్చు, లేదా సైలెన్సర్ లోపలి రేకు ఊడి ఉండొచ్చు. చల్లగా ఉన్నప్పుడు రబ్బరు సుత్తితో తట్టితే ఏ డబ్బాలో ముక్కలు కదులుతున్నాయో తెలుస్తుంది. సైలెన్సర్ అయితే మార్చేయడమే. కన్వర్టర్ అయితే అది ఎందుకు పగిలిందో కూడా కనుక్కోవాలి. ఒక ప్లగ్గు సరిగా కొట్టక కాలని పెట్రోలు అందులోకి వెళ్ళి మండితే విపరీతంగా వేడెక్కి పగులుతుంది. ప్లగ్గులు, కాయిల్ చూడకుండా కొత్తది వేస్తే అదీ పోతుంది. లోపలి తేనెపట్టు పొడిచి ఖాళీ డబ్బా బిగించే పద్ధతి చట్టవిరుద్ధం, పొల్యూషన్ పరీక్షలోనూ తేడా కొడుతుంది.

చిన్న చిన్న గతుకుల్లో ముందు కటకటమంటుంది, పెద్ద గుంటలో మాత్రం రాదు. అదేంటి?

మలుపుల్లో బండి ఒరగకుండా ఎడమ, కుడి చక్రాలను కలిపే కడ్డీ స్టెబిలైజర్ బార్. దాన్ని చక్రాల వైపు కలిపే లింక్ రాడ్లు ఉన్న బండైతే ముందు వాటినే అనుమానించండి. 20 నుంచి 30 కిలోమీటర్ల వేగంలో, ఒకసారి ఎడమ చక్రం, ఒకసారి కుడి చక్రం లేచే ప్యాచ్‌వర్క్ రోడ్డు మీద ఇది బాగా బయటపడుతుంది. రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కే స్పీడ్ బ్రేకర్ మీద బార్ మెలిపడదు, అందుకే చప్పుడు రాదు.

దీన్ని చూసేటప్పుడు చాలామంది ఒక చక్రం మాత్రమే జాకీ మీద లేపుతారు. అప్పుడు బార్ మెలిపడి లింకును గట్టిగా లాగి పట్టుకుంటుంది, అరిగిన జాయింటు కూడా గట్టిగానే అనిపిస్తుంది. "లింకు బాగుందే" అని వదిలేస్తారు. రెండు చక్రాలూ నేల మీద ఉండాలి, లేదా రెండూ లేచి ఉండాలి. స్టీరింగ్ ఒక పక్కకు పూర్తిగా తిప్పి, చక్రం వెనక చెయ్యి పెట్టి, లింకును మధ్యలో పట్టుకుని గట్టిగా ఊపండి. వేలికి టిక్ టిక్ అని చిన్న దెబ్బ తెలిసిందంటే అయిపోయింది. కంటికి ఏమీ కనిపించకపోవచ్చు. రబ్బరు టోపీ చిరిగి, లోపల గ్రీజుకు బదులు ఎర్రటి తుప్పు పొడి ఉంటే ఊపాల్సిన పని కూడా లేదు. మారిస్తే జతగా మార్చండి. బార్‌ను ఛాసీకి పట్టి ఉంచే డి ఆకారపు రబ్బరు బుష్షులనూ అప్పుడే చూడండి.

మారుతి 800. బ్రేకు వేసినప్పుడు, వదిలినప్పుడు ముందు "డక్" అంటుంది.

ఈ బండిలో స్టెబిలైజర్ బారుకు రెండు పనులు. చక్రాన్ని కింద నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ ముందుకూ వెనక్కూ పోకుండా పట్టుకునేది కూడా అదే. దాని కొసల బుష్షులు అరిగితే బ్రేకు వేసినప్పుడు చక్రం కాస్త వెనక్కి జరిగి కొట్టుకుంటుంది, స్టీరింగ్ కూడా ఒక పక్కకు లాగొచ్చు. వేరే కార్లలో లింకు విప్పి నడిపి చూసినట్టు దీంట్లో బార్ విప్పి నడపకూడదు. చక్రం పట్టు తప్పుతుంది.

చక్రం పట్టుకుని ఊపి చూడమంటారు. ఎట్టా చూడాలి?

చక్రం గాల్లోకి లేపి గడియారంలో 12, 6 అంకెలు ఉండే చోట రెండు చేతులతో పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. ఆట (వదులుగా కదలడం) ఉంటే బాల్ జాయింటో, వీల్ బేరింగో. ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టుకోమనండి. ఆట పోతే బేరింగ్, పోకపోతే బాల్ జాయింట్. తర్వాత 3, 9 దగ్గర పట్టుకుని ఊపండి. అక్కడ మాత్రమే ఆట ఉంటే టై రాడ్ ఎండో, స్టీరింగ్ ర్యాక్ బుష్షో. బాల్ జాయింట్ ఆట ఉన్న బండిని నేరుగా వర్క్‌షాపుకే తీసుకెళ్ళండి, తిరుపతి ప్రయాణం వాయిదా వేసుకోవచ్చు.

షాకర్లు కొత్తవి వేయించినా చప్పుడు పోలేదు.

మూడు చోట్ల చూడండి. ఒకటి, స్ట్రట్ (ముందు చక్రం దగ్గర స్ప్రింగు, షాకర్ కలిసి ఉండే భాగం) పైన ఉండే మౌంటు రబ్బరు, బేరింగ్. షాకర్ కొత్తది వేసి పాత మౌంటే బిగించి ఉంటారు. బండి నిలబెట్టి, బానెట్ ఎత్తి, మౌంటు మీద చెయ్యి ఆనించండి. ఇంకొకరు స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పాలి. స్ప్రింగు మెల్లగా తిరగాల్సింది పోయి ఆగి ఆగి "టంగ్" మని దూకితే బేరింగ్ పట్టేసింది. రెండు, షాకర్ నడిమి నట్టు. నట్లు బిగించే గన్ను లేకుండా బిగిస్తే రాడ్ నట్టుతోపాటే తిరుగుతుంది, బిగిసినట్టు అనిపిస్తుంది. రాడ్‌ను పట్టి నట్టు బిగించాలి. మూడు, ఆర్మ్ బుష్షుల బోల్టులు. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, బండి దించగానే రబ్బరు మెలిపడి ఉంటుంది, త్వరగా చిరుగుతుంది. చక్రాలు నేల మీద, బండి బరువు వాటి మీద ఉన్నప్పుడే ఆఖరి బిగింపు వేయాలి.

గతుకుల్లో టకటకమంటుంది, బ్రేకు మీద కాలు ఆనిస్తే ఆగిపోతుంది.

ఇది బ్రేకు ప్యాడ్లది. ప్యాడ్లు మార్చినప్పుడు వాటిని పట్టి ఉంచే చిన్న స్ప్రింగు క్లిప్పులు పాతవే వంగినవి వేసి ఉంటారు, లేదా అసలు వేయకుండా వదిలేసి ఉంటారు. ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ జారే పిన్నులు అరిగినా ఇంతే. పిన్నులకు రాసేది సిలికాన్ బ్రేకు గ్రీజే అయి ఉండాలి. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు టోపీలు ఉబ్బి పాడవుతాయి. వెనక డ్రమ్ముల్లో అయితే షూ పట్టి ఉంచే స్ప్రింగు విరిగిందేమో చూడండి.

బండి పోయేకొద్దీ టిక్ టిక్ టిక్ అని వేగంతో పెరుగుతా ఉంది. చక్రందేనా అని ఎట్టా తెలుస్తుంది?

లెక్కపెట్టండి. మారుతి 800 టైరు 145/70 ఆర్12 అయితే చుట్టుకొలత సుమారు 1.6 మీటర్లు. 20 కిలోమీటర్ల వేగంలో చక్రం పది సెకన్లకు సుమారు 35 సార్లు తిరుగుతుంది. 215/75 ఆర్15 టైరు ఉన్న బొలెరోలో చుట్టుకొలత 2.2 మీటర్లు, అదే వేగంలో పది సెకన్లకు 25. మీరు వినే టిక్కులు ఈ లెక్కకు దగ్గరగా ఉంటే చక్రంతో తిరిగేదే: టైరు గాడిలో ఇరుక్కున్న రాయి, వీల్ కప్పు, వంగిన డ్రమ్ము. అంతకు మూడు నాలుగు రెట్లు వేగంగా ఉంటే వెనక చక్రాలతో నడిచే బండిలో ప్రొపెల్లర్ షాఫ్టును అనుమానించండి.

చీమకుర్తి క్వారీల వైపు తిరిగే బండ్లలో ఇంకో రకం ఉంది. డిస్కుకూ దాని వెనక ఉండే పల్చటి రేకుకూ మధ్య చిన్న గ్రానైట్ ముక్క దూరుతుంది. చెవులు చిల్లులు పడేట్టు గీరుతుంది, బేరింగ్ పోయిందనుకుంటారు. ఖాళీ చోట కొంచెం రివర్సు, కొంచెం ముందుకు పోనిస్తే కొన్నిసార్లు రాలిపోతుంది. రాలకపోతే చక్రం విప్పి, స్క్రూడ్రైవర్‌తో రేకును కాస్త వెనక్కి వంచితే పడిపోతుంది.

బొలెరో, ఏస్ బండ్లలో వెనక కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) దగ్గర గడగడ. లోడు వేస్తే తగ్గుతుంది.

ఖాళీ బండిలో చప్పుడు, లోడుతో నిశ్శబ్దం అంటే సాధారణంగా కట్ట కొసను ఛాసీకి కలిపే షాకిల్ పిన్ను, బుష్షుల్లో ఆట. పొదలకూరు నుంచి నిమ్మకాయల లోడుతో వచ్చేటప్పుడు హాయిగా ఉండి, ఖాళీగా తిరిగి పోయేటప్పుడు గోల చేసే బండి ఇదే. బాడీని జాకీతో లేపి కట్ట మీద బరువు తీసేసి, షాకిల్ దగ్గర గడ్డపార ఆనించి ఎత్తండి. పిన్ను పైకీ కిందికీ కదిలితే బుష్షు మార్చాలి. గ్రీజు నిపుల్ ఉంటే పాత మట్టి బయటికి వచ్చేదాకా కొత్త గ్రీజు కొట్టండి. అరిగిపోయిన బుష్షుకు మాత్రం గ్రీజు వైద్యం వారం రోజులే.

తర్వాత కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు. ఇవి వదులైతే పట్టీల మధ్యలో ఉండే సెంటర్ బోల్టు మీద భారం పడి తెగుతుంది. తెగితే యాక్సిల్ ఒక పక్క వెనక్కి జరుగుతుంది, బండి అడ్డంగా నడుస్తున్నట్టు వెనక నుంచి చూసేవాళ్ళకు కనిపిస్తుంది. అనుమానం ఉంటే ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు రెండు పక్కలా టేపుతో కొలవండి. స్టీరింగ్ తిన్నగా ఉండాలి. రెండు కొలతలకూ తేడా ఎక్కువుంటే బండి కదపకండి. యూ బోల్టు నట్లు నాలుగూ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. కట్ట విప్పి పని చేయించాక మొదటి 500 కిలోమీటర్ల లోపు మళ్ళీ ఒకసారి బిగించాలి, పట్టీలు సర్దుకుంటాయి కాబట్టి.

సుమో, బొలెరోల్లో స్టెప్నీ వెనక డోరుకే వేలాడుతుంది. ఆ బరువుకు డోరు కీళ్ళు అరిగి, తలుపు కిందికి దిగి గతుకుల్లో కొట్టుకుంటుంది. కమాన్ కట్టలు విప్పేముందు స్టెప్నీ దించి ఒక రౌండు వేయండి. చప్పుడు ఆగితే మీకు కావాల్సింది కీళ్ళ పని.

గేరు వేసి కదిలించగానే కింద "టంగ్" మంటుంది.

ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉన్న బండైతే యూజే క్రాస్ (షాఫ్టు కొసన ఉండే యూనివర్సల్ జాయింట్). షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పితే ఆట తెలుస్తుంది, క్రాస్ కప్పుల చుట్టూ ఎర్ర పొడి రాలి ఉంటుంది. ముందు చక్రాలతో నడిచే కారులో, స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా పోతుంటే కటకటమంటే యాక్సిల్ బయటి జాయింటు. ఇంజన్ మౌంట్లు చచ్చినా ఇలాగే ఉంటుంది. బానెట్ ఎత్తి, హ్యాండ్ బ్రేకు వేసి, ముందు ఎవరూ లేకుండా చూసుకుని క్లచ్ కాస్త వదిలితే ఇంజన్ ఎంత ఎగురుతుందో కనిపిస్తుంది.

ఇంజన్లో చప్పుడు. టాపెట్టా, ఇంకేమన్నానా? బండి నడపొచ్చా?

ముందు ఆయిల్ పుల్ల తీసి మట్టం చూడండి. తక్కువుంటే పోసి మళ్ళీ వినండి.

టాపెట్ శబ్దం పైనుంచి, కుట్టుమిషన్‌లా సన్నగా వస్తుంది. వాల్వులను నడిపే క్యామ్ షాఫ్ట్, ఇంజన్ ప్రధాన షాఫ్టయిన క్రాంక్‌లో సగం వేగంతో తిరుగుతుంది కాబట్టి 800 ఆర్‌పీఎం దగ్గర ఒక టాపెట్ సెకనుకు ఏడు సార్లు కొడుతుంది. తొందరేమీ లేదు, సెట్ చేయించుకుంటే సరి. పొద్దున్నే స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గరగరమని ఆగిపోతే, టైమింగ్ చైన్ ఉన్న ఇంజన్లలో చైన్ లేదా టెన్షనర్ అరుగుదల. గిద్దలూరు దాటి నల్లమల ఘాట్ ఎక్కేటప్పుడు గోలీలు గిలకొట్టినట్టు వినిపిస్తే అది పింగింగ్, అంటే సిలిండర్లో ఇంధనం సరైన తీరులో మండకపోవడం. ఒక గేరు తగ్గించి ఎక్కండి, ఊరికి వచ్చాక టైమింగ్, కార్బన్ చూపించండి.

కింద నుంచి, సుత్తితో కొట్టినట్టు బరువుగా, 2,000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ వదిలినప్పుడు స్పష్టంగా వినిపిస్తే అది కనెక్టింగ్ రాడ్ బేరింగ్ కావచ్చు. ఆయిల్ లైటు కూడా వెలుగుతుంటే అక్కడికక్కడే ఇంజన్ ఆపండి, బండిని లాగించుకుని పోండి. ఇంకో పది కిలోమీటర్లు నడిపితే బేరింగ్ ఖర్చు కాస్తా క్రాంక్ ఖర్చు అవుతుంది. ఏ సిలిండరో తెలుసుకోవడానికి ఇంజన్ నడుస్తుండగా ప్లగ్గు వైరు పీకే పాత అలవాటు ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్‌కు బదులు ఇంజెక్టర్లు ఉండే) బండ్లలో వద్దు. కాయిల్‌కు ముప్పు, మీకూ షాకు. ఇంజెక్టర్ కనెక్టర్ తీసి చూడాలి.

క్లచ్ తొక్కితే వస్తుంది. వేరే బండిలో క్లచ్ తొక్కితే పోతుంది.

తొక్కితే వచ్చేది రిలీజ్ బేరింగ్. తొక్కితే పోయేది గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్.

పొద్దున రాదు, మధ్యాహ్నం డ్యాష్‌బోర్డు, డోర్లు కిటకిటలాడతాయి.

రోళ్ళు పగిలే రోహిణి కార్తె ఎండలో నిలబెట్టిన కారు లోపల ప్లాస్టిక్ వ్యాకోచిస్తుంది, క్లిప్పుల పట్టు మారుతుంది. కాబట్టి వెతకడం కూడా మధ్యాహ్నమే చేయాలి, చల్లబడ్డాక దొరకదు. పక్కన కూర్చున్నవాళ్ళు ఒక్కో ప్యానెల్‌ను అరచేత్తో నొక్కి పట్టుకోవాలి. ఏది నొక్కితే ఆగుతుందో అక్కడ మాస్కింగ్ టేపు వేసి గుర్తు పెట్టండి. విప్పి, రెండు ప్లాస్టిక్కులు రాసుకునే చోట ఫెల్ట్ టేపు అంటిస్తే చాలు.

డోరులో అయితే అద్దం పూర్తిగా ఎత్తి ఒకసారి, సగం దించి ఒకసారి తలుపు వేసి చూడండి. సగం దించినప్పుడే మోగితే అద్దం జారే బీడింగ్ గట్టిపడింది. దానికి సిలికాన్ స్ప్రే కొట్టండి. గ్రీజు, ఇంజన్ ఆయిల్ రాస్తే దుమ్ము పట్టి రబ్బరు పాడవుతుంది. అద్దంతో సంబంధం లేకుండా మోగితే లోపల లాకు కడ్డీల ప్లాస్టిక్ క్లిప్పులు విరిగి ఉంటాయి.

బానెట్ కొట్టుకుంటుంటే దాని ముందు మూలల్లో మరలాంటి రబ్బరు గుబ్బలు ఉంటాయి. ఒక చుట్టు పైకి తిప్పండి. చాలా బండ్లలో దానితో సరి.

సముద్రం పక్క ఊళ్ళలో బండ్లకు వేరేగా చూడాల్సినవి ఉన్నాయా?

ఉన్నాయి. మైపాడు, కొత్తపట్నం, కృష్ణపట్నం వైపు, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండ్లలో తుప్పే చప్పుడుకు మూలం. డోరు కింద బాక్సు లాంటి భాగంలో తుప్పు పెళ్ళలు రాలి, బ్రేకు వేసినప్పుడల్లా ఇసుకలా జారతాయి. అడుగున ఉన్న నీళ్ళు కారే రంధ్రాలు పుల్లతో పొడిచి తెరవండి. స్ట్రట్ బిగించే టవర్ చుట్టూ వెల్డింగు అతుకుల దగ్గర పెయింటు గీతలా చీలి, అందులోంచి తుప్పు కారుతుంటే అది లొడలొడ స్థాయి దాటిపోయింది. వెల్డరుకు చూపించకుండా ఆ బండి నడపొద్దు. చెరువు గట్టు నుంచి వచ్చిన రోజే అడుగుభాగం మంచినీళ్ళతో కడగాలి.

బండి కిందికి దూరి చూడాలంటే?

సమతలం నేల, చక్రాలకు రాళ్ళు అడ్డు, ఫస్ట్ గేరు, హ్యాండ్ బ్రేకు, జాకీతోపాటు స్టాండ్లు. సిమెంటు ఇటుకలు పెట్టి దూరకండి, అవి చెప్పకుండా పగులుతాయి. ఒక్క జాకీ మీద ఉన్న బండి కిందికి తల పెట్టొద్దు, చిన్నపిల్లల్ని "నువ్వయితే పడతావు" అని అస్సలు పంపొద్దు.

మెకానిక్ అన్నీ కలిపి మార్చేద్దాం అంటున్నాడు. ఒప్పుకోవాలా?

ఏ జాయింటులో ఆట ఉందో మీ చేత్తో ఊపించి చూపించమనండి. చూపించగలిగితే మార్చండి. "సస్పెన్షన్ చప్పుడొస్తుంది చూడండి" అని కాకుండా, "20 కిలోమీటర్ల వేగంలో, ఎడమ ముందు చక్రం గుంటలో పడితే, బ్రేకు వేయనప్పుడు మాత్రమే" అని చెప్పండి, పక్కన కూర్చోబెట్టుకుని ఒక రౌండు తిప్పండి. ఒకసారికి ఒక పనే చేయించి నడిపి చూడండి, లేకపోతే ఏది పనిచేసిందో మీకూ తెలియదు, ఆయనకూ తెలియదు. మార్చిన పాత పార్టులు అడిగి తీసుకోండి. చక్రాలు విప్పిన పని అయితే, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్ళీ బిగించుకోండి.